ఎక్కడ ఆగిందో చెప్పని యంత్రం

మా రోజుల్లో టైపు మిషను చెడిపోతే ముందు చెవికి తెలిసేది, తర్వాత కంటికి కనపడేది. చేతికి పని ఆ తర్వాతే. 1974లో తెనాలిలో నేను టైపు నేర్చుకున్న చోట పన్నెండు మిషన్లు ఉండేవి. కొన్ని రెమింగ్టన్లు, కొన్ని గోద్రెజ్‌లు, మూలన ఒక పాత హాల్డా. పన్నెండూ ఒక్కసారి మోగుతుంటే వీధిన పోయేవాళ్లకు అది ఒట్టి గోల. మా మాస్టారికి మాత్రం ఆ గోలలో ఏ మిషను తేడాగా పలుకుతోందో కుర్చీలోంచి లేవకుండానే తెలిసేది. పేపరు చదువుకుంటూనే "మూడో మిషను, నీ బెల్లు మోగట్లేదు, మార్జిను చూసుకో" అనేవారు. చూస్తే నిజమే, మార్జిను స్టాపు జరిగిపోయి ఉండేది.

ఏ రోగానికి ఏ లక్షణమో మాకు కంఠతా వచ్చు. అక్షరం కిందిసగం నల్లగా, పైసగం వెలిసినట్టు పడితే రిబ్బను సరిగ్గా లేవడం లేదు. 'ఈ', 'ఓ' అక్షరాల పొట్టలు నిండుగా నల్లగా పడితే అచ్చులో సిరా మట్టి పేరుకుంది, గుండుసూదితో తీసెయ్యాలి. పెద్దక్షరాలు వరసకి కాస్త పైకో కిందికో పడితే షిఫ్టు సర్దాలి. అక్షరాలన్నీ ఒకేచోట ఒకదానిమీద ఒకటి పడి ముద్దయిపోతే క్యారేజీని లాగే పట్టీ ఊడింది. ఇందులో ఏ ఒక్కటీ ఊహించి చెప్పేది కాదు. మూత తీసి, టార్చిలైటు వేసి, అనుమానం ఉన్న కీని మెల్లగా నొక్కి అలాగే పట్టుకునేవాళ్లం. కడ్డీ లేస్తూ లేస్తూ ఎక్కడ తగులుకుంటుందో అక్కడే జబ్బు. కీని టపామని కొట్టి వదిలేస్తే ఏమీ కనపడదు. నొక్కి పట్టుకోవాలి. ఆ అలవాటు నా వేళ్లలో యాభై ఏళ్లుగా ఉంది. ఆ అలవాటే పోయిన ఏడాది ఒక రాత్రి మా మనవరాలిని గట్టెక్కించింది. ఆ సంగతికి వస్తాను.

దానికి ముందు తెలుగు మిషను గురించి ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు టైపులో లోయరూ హయ్యరూ పరీక్షలు పాసై తెలుగు మిషను ముందు మొదటిసారి కూర్చున్నవాడు తప్పకుండా ఒక పొరపాటు పడతాడు. అందులో వత్తుల కీలు కొన్నిటిని నొక్కితే అచ్చు పడుతుంది గానీ క్యారేజీ కదలదు. వత్తు అక్షరం కిందికి రావాలి కదా, కదిలితే పక్కకు పోతుంది. అందుకని దాన్ని కావాలనే అలా కట్టారు. ఆ సంగతి తెలియక నేను మొదటిరోజే "మాస్టారూ, మిషను పట్టేసింది" అని కేకేశాను. ఆయన వచ్చి చూసి, "పట్టెయ్యలేదురా, అది చేయాల్సిన పనే అది. మిషను చెడిందా, చెడినట్టు నీకు కనపడుతోందా, ముందు అది తేల్చుకో" అన్నారు. ముప్పై ఏడేళ్లు కోర్టులో టైపిస్టుగా చేశాను. ఆ మాట తలచుకోని సంవత్సరం లేదు.

కోర్టులో మాకు ఒక రిజిస్టరు ఉండేది. ఖాకీ అట్ట, లోపల రూళ్ల గీతలు. మిషను నంబరు, తేదీ, లక్షణం, కారణం, ఏం చేశారు, మెకానిక్కు సంతకం. నాలుగో మిషనుకు పదకొండేళ్లలో ఏమేం జరిగిందో అందులో ఉండేది. కొత్తగా వచ్చిన టైపిస్టుకు మొదట ఇచ్చేది కాగితాలు కాదు, ఆ రిజిస్టరు. "నీ మిషను సంగతి చదువుకో" అనేవారు హెడ్ క్లర్కు గారు. పెట్రోలులో పళ్ల బ్రష్షు ముంచి అచ్చులు కడిగిన తేదీ కూడా అందులో పడేది. ఇప్పుడు ఏ ఆఫీసులోనైనా కంప్యూటరుకు అలాంటి పుస్తకం ఒకటి చూపించండి. నేను అడిగినచోటల్లా నన్ను వింతగా చూశారు.

ఇక ఆ రాత్రి సంగతి. శ్రావణమాసం, తొమ్మిది దాటింది. మనవరాలు అమ్మలు బీటెక్ మూడో ఏడు. ఏదో దరఖాస్తుకు అదే ఆఖరి రోజు, అర్ధరాత్రి దాకా గడువు. కావలసిన కాగితాలన్నీ హాల్లో ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఉన్నాయి. పెట్టె ఆన్ చేస్తే అంతా బాగానే వచ్చింది. పాస్‌వర్డ్ అడిగే చోటికి వచ్చి ఆగింది. కీబోర్డు మీద ఏది కొట్టినా ఒక్క చుక్క పడదు. మౌసు మాత్రం తిరుగుతోంది.

మావాడు సాయంత్రమే రిపేరు కుర్రాణ్ని పిలిచాడట. అతను వచ్చి వైరు పీకి మళ్లీ పెట్టాడు. క్యాప్స్ లాక్ నొక్కాడు, లైటు వెలగలేదు. "కీబోర్డు పోయింది సార్" అన్నాడు. ఐదు వందలు పెట్టి కొత్తది తెచ్చారు. అదీ పలకలేదు. "అయితే మదర్‌బోర్డన్నా పోయుండాలి, విండోస్ అన్నా కరప్ట్ అయ్యుండాలి. రేపు షాపుకు పంపండి, ఫార్మాట్ కొట్టేద్దాం" అని వెళ్లిపోయాడు. ఫార్మాట్ అంటే లోపలున్నవన్నీ తుడిచేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించడం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు కాదా ఇది? అందులో ఆ పిల్ల రెండేళ్ల చదువు ఉంది, వాళ్ల నాయనమ్మ ఆఖరి ఫోటోలు ఉన్నాయి. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నట్టు ఏ జబ్బుకైనా ఫార్మాటే మందు అంటారు ఇప్పుడు. జబ్బు ఏమిటని అడిగేవాడే లేడు.

నాకు ఒళ్లు మండింది ఆ కుర్రాడి మీద కాదు. అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన వాళ్లే మార్చెయ్యడం నేర్పారు, చూడ్డం నేర్పలేదు.

"తాతయ్యా, ఇంక కుదరదులే" అని అమ్మలు ఏడుపు మొహం పెట్టింది. "నువ్వు లే, నన్ను కూర్చోనీ" అన్నాను. "ముందు ఒకటి చెప్పు. ఎక్కడిదాకా పలికింది, ఎక్కడ ఆగింది?" ఆ ప్రశ్న ఆ సాయంత్రం నుంచి ఒక్కరూ వెయ్యలేదు.

నిజానికి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటరే చెప్పేది. మా కోర్టుకు మొదటి కంప్యూటర్లు వచ్చినప్పటి పెట్టెలు నాకు బాగా గుర్తు. కీబోర్డు వైరు చివర బొటనవేలంత గుండ్రటి ప్లగ్గు, లోపల ఐదు సూదులు. ఆన్ చేయగానే కీబోర్డు మీద మూడు లైట్లూ ఒక్కసారి మెరిసేవి. నేను బాగానే ఉన్నాను అని అది చెప్పుకోవడం అన్నమాట. వైరు ఊడితే తెర మీద తెల్లక్షరాలతో కీబోర్డు లేదని పడేది, అక్కడే ఆగేది. కీబోర్డు లేదంటూనే ఎఫ్ 1 నొక్కమంటుందని ఆ మాట మీద కుర్రకారు ఇప్పటికీ నవ్వుతారు. నాకు అందులో నవ్వేదేమీ కనపడదు. వైరు పెట్టి నొక్కమని దాని భావం. లోపం ఎక్కడుందో ఆ ఒక్క ముక్కలో చెప్పింది కదా!

ఇంకా చెబుతాను. ఆ కాలపు పెట్టెలకు ముందువైపు ఒక చిన్న తాళం ఉండేది, నిజం తాళం, గుండ్రటి ఇనప చెవితో. చెవి తిప్పితే కీబోర్డు పనిచేయదు. సాయంత్రం ఇంటికి పోతూ మా సూపరింటెండెంటు గారు తాళం తిప్పి చెవి జేబులో వేసుకునేవారు. పొద్దున్నే తీయడం మరిచిపోతే కీబోర్డుకు తాళం పడి ఉంది, తీయమని పెట్టే అడిగేది. కొన్ని కీబోర్డులకు అడుగున చిన్న మీట ఉండేది, ఒకవైపు ఎక్స్‌టీ, ఒకవైపు ఏటీ. ఊడ్చే మనిషి కీబోర్డు ఎత్తి తుడిచినప్పుడు అది జరిగిందంటే ఇక పలకదు. రెండుసార్లు జరిగాక అది కూడా రిజిస్టరులో ఎక్కింది: "అడుగున మీట చూడవలెను". ఆ తర్వాత 1987లో ఐబీఎం వాళ్లు తెచ్చిన సన్న ప్లగ్గులు వచ్చాయి, ఆరు సూదులవి. కీబోర్డుది ఊదా రంగు, మౌసుది ఆకుపచ్చ అని కొన్నాళ్లకు రంగులు కూడా కట్టారు. చదువు రానివాడైనా రంగుకు రంగు చూసి పెట్టగలిగేవాడు. యూఎస్‌బీ 1996లో వచ్చింది. అన్నిటికీ ఒకటే బొక్క. సౌకర్యమే, కాదనను. కానీ అప్పటినుంచి ఏ వైరు దేనిదో చూసే కన్ను పోయింది.

మౌసుతో కుడివైపు కింద పవర్ గుర్తు నొక్కి రీస్టార్ట్ ఇచ్చాను. తెర నల్లబడి మళ్లీ వెలుగు రాగానే డిలీట్ కీని వరసగా కొట్టాను. నీలం తెర ఒకటి వచ్చింది. దాన్ని బయోస్ అంటారు. విండోస్ నిద్ర లేవకముందు పెట్టె తన ఒంట్లో తాను చూసుకునే చోటు. బాణం కీ నొక్కితే గీత కిందికి దిగింది. పైకి నొక్కితే పైకి పోయింది.

"పలుకుతోందే!" అని అమ్మలు కుర్చీ లాక్కుని కూర్చుంది.

అదే నాకు కావలసింది. అంటే కీబోర్డు బాగుంది, వైరు బాగుంది, పెట్టుకునే బొక్క బాగుంది, మదర్‌బోర్డు బాగుంది. కుర్రాడు చచ్చిపోయాయన్నవన్నీ బతికే ఉన్నాయి. ఐదు వందలు పోసి కొన్నది అవసరం లేనిది. ఇక్కడ ఒక సంగతి అందరికీ తెలియాలి. కీబోర్డు మొదటినుంచి చివరిదాకా ఒకరి చేతిలోనే ఉండదు. కరెంటు రాగానే దాని మాట వినేది పెట్టెలోని బయోస్. విండోస్ లేచాక ఆ పని తన డ్రైవర్లకు అప్పగించుకుంటుంది. ఊరి పొలిమేర దాటగానే కాపలా మారినట్టు. అందుకే మొదట పలికి లాగిన్ దగ్గర మూగబోయిన కీబోర్డులో జబ్బు వస్తువుది కాదు, పైనున్న విండోస్‌ది. బయోస్‌లో కూడా పలకకపోతే అప్పుడు వైరు, బొక్క, కీబోర్డు చూడాలి. ఈ ఒక్క విభజన చేసుకుంటే సగం దారి నడిచినట్టే. దీనికి రెండు నిమిషాలు పట్టదు. సాయంత్రం నుంచీ ఇంట్లో అందరూ గంటలు పోగొట్టుకున్నది ఇది చేయకనే.

మళ్లీ లాగిన్ తెరకు వచ్చాం. కొట్టాను. ఏమీ లేదు. క్యాప్స్ లాక్ కొట్టాను, లైటు లేదు. అప్పుడు నా ఎడమచేతి చిటికెన వేలు పాత అలవాటున 'ఏ' మీద ఆనింది. యాభై ఏళ్ల కింద మొదటి పాఠం మొదటి అక్షరం అదే. నొక్కి, కడ్డీ ఎక్కడ తగులుకుంటుందో చూసేవాడిలా, అలాగే పట్టుకున్నాను.

ఒక సెకను గడిచింది. తెర మీద ఒక నల్ల చుక్క పడింది.

వేలు తీశాను. 'ఎస్' నొక్కి పట్టుకున్నాను. ఇంకో చుక్క. "అమ్మలూ, ఇది చావలేదు. మన వేలి దెబ్బ లెక్కలోకి తీసుకోవడం లేదంతే" అన్నాను. కుడివైపు కింద మనిషి బొమ్మ ఒకటి ఉంటుంది. దాని మీద నొక్కితే జాబితా వచ్చింది. అందులో ఫిల్టర్ కీస్ అన్నది ఆన్‌లో ఉంది. మౌసుతో ఆపేశాను. క్యాప్స్ లాక్ కొడితే లైటు టక్కున వెలిగింది.

ఈ ఫిల్టర్ కీస్ ఏమిటంటే, చేతులు వణికేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు. వేలు పొరపాటున తగిలిన దెబ్బల్ని వదిలేసి, కాసేపు నిలకడగా నొక్కిన కీనే తీసుకుంటుంది. మంచి ఆలోచన. మా కోర్టులో నాతో పనిచేసిన ఒకాయనకు చివరి రోజుల్లో చేతులు వణికి ఒక్కో అక్షరం మూడుసార్లు పడేది. ఇలాంటిది ఆ రోజుల్లో ఉంటే ఇంకో రెండేళ్లు మర్యాదగా పని చేసుకునేవాడు. దాన్ని కనిపెట్టినవాళ్లకు నేను దండం పెడతాను. నా కోపం వేరే. కుడివైపు షిఫ్టు కీని ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే, ఇది ఆన్ చేయమంటారా అని ఒక పెట్టె వస్తుంది. ఆ పిల్ల మధ్యాహ్నం లావుపాటి పుస్తకం ఒకటి కీబోర్డు కుడి అంచు మీద పెట్టుకుని రాసుకుంటోందట. "అవును తాతయ్యా, ఏదో వచ్చింది, చదవలేదు, ఎస్ కొట్టేశా" అంది. ఒక్కసారి అడిగింది, ఒప్పుకున్నారు, అంతే. ఆ తర్వాత లాగిన్ దగ్గర ఆన్‌లో ఉన్నానని అది నోరు తెరిచి చెప్పదు. టైపు మిషను మీద షిఫ్టు లాకు వేస్తే ఆ కీ కిందికి దిగి అక్కడే ఉండిపోయేది. గుడ్డివాడు తడిమినా తెలిసేది. ఇక్కడ లాకు పడింది, లాగిన్ తెర మీద గుర్తు లేదు, కీ మీద గుర్తు లేదు. హయ్యరు పరీక్షకు నిమిషానికి 45 మాటలు కొట్టాలి. మాటకు ఐదు దెబ్బల లెక్కన 225 దెబ్బలు. సెకనుకు నాలుగుకు కాస్త తక్కువ. సెకను సేపు నొక్కితే గానీ వినని యంత్రం ముందు టైపు వచ్చినవాడు ఎంత చక్కగా కొడితే అంత మూగది అవుతుంది. చేతనైనవాడికే అది పూర్తిగా చచ్చినట్టు కనపడుతుంది.

మాస్టారి మాట మళ్లీ చెవిలో పడింది. చెడిందా, చెడినట్టు కనపడుతోందా?

దరఖాస్తు పదకొండున్నరకు పోయింది. నాకు నిద్ర పట్టలేదు. ఎన్ని ఇళ్లలో, ఎన్ని షాపుల్లో, ఇలాంటి కీబోర్డులు ఎన్ని చెత్తబుట్టలో పడుతుంటాయో, ఎంతమంది పిల్లల కష్టం ఫార్మాట్‌లో కొట్టుకుపోతుంటుందో అనిపించింది. అందుకే మర్నాటి నుంచి తెలిసినవాళ్లందరినీ అడిగాను, లాగిన్ దగ్గర ఆగిపోయిన కథలు సేకరించాను. విన్నవీ నేను పట్టి చూసినవీ చెబుతాను, ఒకరికైనా పనికొస్తుంది.

లాగిన్ దగ్గర కీబోర్డు పలక్కపోయినా మౌసు తిరుగుతుంటే లోపలికి పోయే దారి ఉంది. ఆ మనిషి బొమ్మలోనే ఆన్-స్క్రీన్ కీబోర్డు అని ఉంటుంది. తెర మీద అక్షరాలు పరుచుకుంటాయి, మౌసుతో ఒక్కొక్కటే నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చుకోవచ్చు. ఇది తెలియక ఎంతమంది గుమ్మం ముందే నిలబడిపోతున్నారో! కీబోర్డు బాగుచేయాలంటే లోపలికి పోవాలి, లోపలికి పోవాలంటే కీబోర్డు కావాలి. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టుండే ఈ అవస్థకు ఆ బొమ్మే కిటికీ. లోపలికి పోయాక డివైస్ మేనేజరులో కీబోర్డు పేరు మీద అన్‌ఇన్‌స్టాల్ ఇచ్చి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాని డ్రైవరును మళ్లీ కొత్తగా పెట్టుకుంటుంది. చాలాసార్లు అంతటితో తీరిపోతుంది.

ఇంకొకటి నన్ను బాగా బాధపెట్టేది. మా రోజుల్లో ఆపడమంటే ఆపడమే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు. షట్‌డౌన్ అని నొక్కినా పెట్టె లోపల కొంత భాగాన్ని అలాగే డిస్కులో దాచుకుని పడుకుంటుంది, మర్నాడు త్వరగా లేవడానికి. నిన్నటి తికమక ఏదైనా ఉంటే ఇవాళ దానితోనే లేస్తుంది. జనం మూడుసార్లు ఆపి మూడుసార్లు పెట్టి, పోలేదని ఏడుస్తారు. రీస్టార్ట్ ఇస్తే మాత్రం పూర్తిగా కడుక్కుని లేస్తుంది. ఆపడం కంటే రీస్టార్ట్ గట్టిదని ఏ మామూలు మనిషికి తోస్తుంది? మాటకు ఉన్న అర్థాన్నే మార్చేశారు. ఆపు అంటే ఆగాలి కదా!

మా వీధిలో తెలుగు కథలు రాసుకునే రిటైర్డు పంతులు గారు ఒకరున్నారు. ఆయనది ఇంకో కథ. పాస్‌వర్డ్ తప్పు అని రెండు రోజులు రానివ్వలేదట. కీలు పలుకుతున్నాయి, చుక్కలు పడుతున్నాయి, లోపలికి మాత్రం పోనివ్వదు. వెళ్లి చూస్తే కుడివైపు కింద భాష గుర్తు తెలుగులో ఉంది. ఆయన ఇంగ్లీషు పాస్‌వర్డ్ కొడుతుంటే లోపల తెలుగు అక్షరాలు పడుతున్నాయి. చుక్కల మాటున ఎవరికి తెలుస్తుంది? పాస్‌వర్డ్ గడి చివర కన్ను బొమ్మ ఉంటుంది. అది నొక్కి పట్టుకుంటే కొట్టింది కనపడుతుంది. మా కాలంలో కొట్టింది కాగితం మీద కళ్లెదుట ఉండేది. తప్పయితే తప్పు కనపడేది. చిన్న లాప్‌టాప్‌లలో నమ్‌లాక్ పడితే 'యు, ఐ, ఓ' నొక్కినప్పుడు 4, 5, 6 పడతాయి. అదీ చుక్కల వెనకే.

మిగతావి మామూలే. వైర్‌లెస్ దానికి బ్యాటరీ అయిపోవడం, ముందువైపు యూఎస్‌బీ బొక్క వదులై వెనకవైపు పెడితే పనిచేయడం, లాప్‌టాప్ లోపల పలచటి పట్టీ వైరు ఊడటం. ఇవి కళ్లతో చూస్తే దొరికేవి, వీటితో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, చెప్తే నమ్మరు. అదే ఏడాది, 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు ఒక అప్‌డేట్ పంపింది. అది ఎక్కిన పెట్టెల్లో, పాడైనప్పుడు బాగుచేసుకోవడానికి పెట్టిన రికవరీ తెర ఉంటుందే, అందులో యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ పలకడం మానేశాయి. మామూలుగా వాడుకునేటప్పుడు అంతా బాగుంది, వైద్యశాలలోకి తీసుకుపోతే మాత్రం నోరు పడిపోయింది. వాళ్లే తప్పు ఒప్పుకుని ఆరు రోజుల్లో, 20వ తేదీకి, సర్ది ఇంకో అప్‌డేట్ ఇచ్చారు. ఈ మధ్యలో దారి ఏమిటంటే టచ్ తెర ఉంటే వేలితో నొక్కుకోవడం, లేదా ఆ పాత ఊదా రంగు పీఎస్ 2 కీబోర్డు ఉంటే దాన్ని పెట్టుకోవడం. అది చదివి నేను అటక ఎక్కాను. 2003 నాటి నా ఊదా ప్లగ్గు కీబోర్డు గుడ్డలో చుట్టి అక్కడే ఉంది. "పాత సామాను ఎందుకు" అని ఇంట్లో నాలుగుసార్లు పారెయ్యబోయారు. ఇప్పుడు ఎవరూ ఆ మాట అనడం లేదు. మా పెట్టెకు వెనక ఆ బొక్క ఇంకా ఉంది, చూసుకున్నాను.

కొత్త కీబోర్డు తయారీ చూసినా నాకు మనసు రాదు. కీల కింద రబ్బరు బుడిపెలున్న ఒక పలక, దాని కింద ప్లాస్టిక్ కాగితాలు. టీ ఒలికితే పారెయ్యడమే. 1985లో ఐబీఎం తెచ్చిన మోడల్ ఎం కీబోర్డులో ఒక్కో కీ కింద ఒక్కో స్ప్రింగు ఉండేది, నొక్కితే అది వంగి టక్కుమనేది. దెబ్బ పడిందని వేలికీ చెవికీ తెలిసేది. 1870ల్లో అమెరికాలో షోల్స్ పేర్చిన 'క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై' వరసనే ఇప్పటికీ వాడుతున్నాం. వరస ఉంచుకుని, దెబ్బకు పలికే గుణాన్ని పారేశారు.

రిపేరు కుర్రాడు మళ్లీ వచ్చాడు, ఇంకేదో పని మీద. కూర్చోబెట్టి బయోస్ సంగతీ ఫిల్టర్ కీస్ సంగతీ చూపించాను. శ్రద్ధగా విన్నాడు, ఫోనులో రాసుకున్నాడు. "ఇలా చూడాలని మాకెవరూ చెప్పలేదు సార్. షాపులో రోజుకు పది పెట్టెలు తెమల్చాలి, ఫార్మాట్ అయితే గంటలో అయిపోతుంది" అన్నాడు. అతని బాధ అతనిది. పది పెట్టెలకు పది కారణాలు వెతికే తీరిక ఇచ్చే యజమాని ఉంటే అతనూ మా మెకానిక్కు లాగే తయారవుతాడు. చేతిలో నేర్పు ఉంది. అది నేను చూస్తుండగానే తెలిసింది.

ఆ వారమే బజారుకు వెళ్లి ఖాకీ అట్ట పుస్తకం ఒకటి కొన్నాను, రెండు వందల పేజీలది. రూళ్లకర్రతో గీతలు గీసి గడులు కట్టాను. మొదటి పద్దు నేనే రాశాను: "శ్రావణం. హాలు కంప్యూటరు. లాగిన్ దగ్గర కీబోర్డు పలకలేదు. బయోస్‌లో పలికింది. కారణం, ఫిల్టర్ కీస్. కుడి షిఫ్టు మీద పుస్తకం. ఆపితిని. యాక్సెసబిలిటీలో దాని షార్ట్‌కట్ కూడా తీసివేసితిని." కింద సంతకం చేశాను. పుస్తకం కంప్యూటరు పక్కనే, మేకుకు దారం కట్టి వేలాడుతోంది.

సంక్రాంతి సెలవులకు అమ్మలు వచ్చి వెళ్లాక తిరగేస్తే రెండో పద్దు పడి ఉంది. ఆమె రాత. "లాప్‌టాప్. పాస్‌వర్డ్ తీసుకోలేదు. కన్ను బొమ్మ నొక్కి చూశాను, ఓ బదులు 6 పడుతోంది. నమ్‌లాక్. తీసేశాను. ఎవరినీ పిలవలేదు." సంతకం గడిలో పూర్తి పేరు రాసి, కింద గీత గీసింది.